పాత వ్యాను, దూరప్రయాణం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది ఇళ్ల ముందు ఇప్పటికీ మారుతీ వ్యాను కనిపిస్తుంది. 1984లో వచ్చిన ఈ బండి తయారీ 2019లో ఆగిపోయింది. ఉన్న బండ్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. బడిపిల్లల్ని దింపేదీ, సరుకు వేసేదీ, రాత్రివేళ రోగిని పెద్దాసుపత్రికి చేర్చేదీ అవే. ఇంజను పోయిందంటే ఆ ఇంటి సంపాదన ఆగిపోయినట్టే. అందుకే ఈ నాలుగు మాటలు మనవి చేస్తున్నాను.

ఈ ఇంజను 796 సీసీలది. మూడే సిలిండర్లు. ముందు సీట్ల కింద ఉంటుంది. హైదరాబాదు నుంచి విజయవాడ దారి పట్టామంటే దాదాపు 270 కిలోమీటర్లు అది విశ్రాంతి లేకుండా తిరగాలి. నాలుగు గేర్ల బండిని 80 దాటిస్తే ఇంజను ఎంత కష్టపడుతోందో ఆ మోతే చెబుతుంది. పైగా వ్యాను మూతి గోడలాంటిది. వేగం పెరిగేకొద్దీ ఎదురుగాలి తాకిడి అంతకు మించి పెరుగుతుంది. 60, 65 మధ్య పోనివ్వండి. ఓ గంట ఆలస్యంగా చేరతాం, అంతే కదా!

పాత ఇంజన్లకు మొదటి శత్రువు వేడి. హెడ్డు అల్యూమినియంది. బాగా వేడెక్కితే వంగిపోతుంది, గాస్కెట్టు పోతుంది. రేడియేటర్లో బోరు నీళ్లు పోయకండి. లోపల సున్నపు పొర కట్టి వేడిని బయటికి పోనివ్వదు. కూలెంటు, డిస్టిల్డ్ వాటరు సగం సగం కలిపి పోయండి. ఉబ్బిన, పగుళ్లు వచ్చిన హోసు పైపులు బయల్దేరకముందే మార్పించండి. వేడెక్కుతోందని కొందరు థర్మోస్టాటు పీకించేస్తారు. అది మందు కాదు. అసలు జబ్బు రేడియేటర్లోనో, ఫ్యానులోనో, వాటర్ పంపులోనో ఉంటుంది.

దారిలో ముల్లు పైకి పోతే వెంటనే పక్కకు తీసి ఆపండి. వేడిమీద రేడియేటరు మూత తీయకండి, ఒళ్లు కాలుతుంది. కాలిన ఇంజనుమీద చన్నీళ్లు కుమ్మరించకండి. "ఇంకో ఐదు కిలోమీటర్లే కదా" అన్న ఆశే చాలా ఇంజన్లను తినేసింది.

రెండోది ఆయిలు. పాత ఇంజను కొంత ఆయిలు తాగుతుంది. ప్రయాణం రోజు పొద్దున్నే, బండి చదునైన చోట నిలబెట్టి పుల్ల తీసి చూడండి. రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటించడం కూడా మంచిది కాదు. ఎర్ర దీపం వెలిగితే ఒక్క నిమిషం కూడా నడపొద్దు. సెకండ్‌హ్యాండు బండి కొన్నవారు టైమింగు బెల్టు ఎప్పుడు మార్చారో తెలియకపోతే ముందు దాన్ని మార్పించండి. దారిలో తెగితే బండి అక్కడే ఆగిపోతుంది.

చివరగా ఒక్క విన్నపం. వెనక కూర్చున్న మనం "ఇంకా తొందరగా పోనియ్ భాయ్" అని డ్రైవరును తరమకుండా ఉందాం. ఇంజనూ బతుకుతుంది, మనమూ క్షేమంగా చేరతాం.