కోర్టు ఇచ్చింది, ఢిల్లీ గుంజుకున్నది
(తొర్రూరులో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

రాష్ట్రాల హక్కులకు కాపలా కోర్టులా, రాజకీయాలా అని అడుగుతున్నరు. ఎక్కడికో ఎందుకు, మన కొలువుల కథే చూద్దాం.

కొలువులకు స్థానికత షరతు పెట్టే అధికారం 16(3) అధికరణం కింద పార్లమెంటుది. అసెంబ్లీకి లేదు. పార్లమెంటు 1957లో ఒక చట్టం చేసి తెలంగాణకు రక్షణ అన్నది. 1969 మార్చి 28న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. రాజ్యాంగంలో ‘రాష్ట్రం’ అని ఉన్నది, రాష్ట్రంలో ఒక భాగానికి ఆ షరతు చెల్లదన్నది. వేరే రాష్ట్రం ఎందుకు కావాలో ఆ తీర్పు కంటే సూటిగా మన నాయకులు కూడా చెప్పలేదు.

అదే కోర్టు 1972 అక్టోబర్ 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్నది. పదిహేనేండ్లు ఇక్కడ ఉన్నవాళ్లకే కొలువులు. సంబురపడ్డం. ఎన్నాళ్లు? జై ఆంధ్ర ఉద్యమం లేచింది. ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు దిగిపోవాల్సి వచ్చింది. 1973లో ఆరు సూత్రాలు తెచ్చి, ఆ ఏడాది చివరికి పార్లమెంటులో ముల్కీలనే రద్దు చేసినరు. అప్పుడు మన ఎంపీలేరి? 1971లో ప్రజాసమితి నుంచి పది మందిని గెలిపించినం. ముల్కీ తీర్పు వచ్చేనాటికే ఆ పార్టీ పోయి కాంగ్రెస్‌లో కలిసింది. కోర్టులో గెలిచి ఢిల్లీలో ఓడినం.

ముల్కీల బదులు వచ్చింది 371-డి. అంటే మన పిల్లల స్థానికత తాళంచెవి రాష్ట్రపతి దగ్గర, అసలు మాటకు కేంద్రం దగ్గర. 1975 ఉత్తర్వులో 14ఎఫ్ పెట్టి హైదరాబాద్ నగర పోలీసు కొలువులను మినహాయించినరు. 2009 అక్టోబర్ 9న సుప్రీంకోర్టు ఆ రాతనే చదివి వినిపించింది. కోర్టును తిట్టినం గానీ, తప్పు రాసినోళ్లది. ఊళ్లు, కాలేజీలు కదిలినంక 2010 మార్చిలో అసెంబ్లీ తీర్మానం చేసింది, 2011లో ఢిల్లీ 14ఎఫ్ తీసేసింది.

కోర్టులు దండుగ అనటం లేదు. 371-డి కింద ట్రిబ్యునల్ ఇచ్చే తీర్పును సర్కారే రద్దు చేసుకునే క్లాజు ఒకటి ఉండేది. కేసు ఓడినోడికే తీర్పు చింపే హక్కు! 1986 డిసెంబర్‌లో దాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. ఉద్యోగులకు అది చిన్న మేలు కాదు.

ఇంకొకటి, మనకు చేదుగా ఉన్నా చెప్పాలె. 2014 జనవరిలో ఉమ్మడి అసెంబ్లీ వద్దన్నా, మూడో అధికరణంతో పార్లమెంటు తెలంగాణ ఇచ్చింది. మనకు మేలైంది. కానీ ఏ రాష్ట్రం మీదికైనా తిప్పగల కత్తి అది. రేపు మన మీదికి తిప్పితే ఆపేది కోర్టు కాదు, మన ఎంపీల బలం, వాళ్ల వెనుక మనం.

ఇక తొర్రూరు సంగతి. 2016లో వరంగల్ నుంచి మహబూబాబాద్ జిల్లాలో పడ్డం. 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు, 2021 డిసెంబర్‌లో 317 జీవో. సర్వీసు తక్కువున్న టీచర్లు పుట్టిన జిల్లా వదిలి పోవాల్సి వచ్చింది. ఈసారి నిందించటానికి సీమాంధ్ర పాలకులు లేరు. కొందరు హైకోర్టుకు పోయినరు, పోవాల్సిందే. కానీ జీవో హైదరాబాద్‌ది, ఉత్తర్వు ఢిల్లీది. ఇక్కడ అడిగితే అక్కడ చూపిస్తరు, అక్కడ అడిగితే ఇక్కడ. ఓటడగ వచ్చే ఎమ్మెల్యేను, ఎంపీని ఒక్క వేదిక మీద నిలబెట్టి అడుగుదాం.