డోర్ అద్దం మార్చే ముందు



ఇంజన్ గురించి మనం గంటలు గంటలు మాట్లాడుకుంటాం. ఈ పూట నేను అంబాసిడర్ పక్క అద్దం గురించి, దాని బీడింగ్ గురించి మాట్లాడతాను. ఇంజన్ పోతే మరొకటి వెతికి వేసుకోవచ్చు. డోర్ అడుగున తుప్పు పట్టిందంటే మాత్రం బండి నెలల తరబడి టింకరింగ్ షెడ్డులో పడి ఉండాల్సిందే.

ముందు అద్దం సంగతి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి పుట్టి, 2014 దాకా తయారైన ఈ బండికి పక్క అద్దాలు చదునుగా ఉంటాయి. చిక్కంతా అక్కడే. ఒరిజినల్ దొరక్కపోతే కొందరు ఇంటి కిటికీల అద్దాలు కోసే కొట్టుకెళ్లి, పాతదాన్ని చూపించి మామూలు అద్దం కోయించేస్తారు. చవగ్గా వస్తుంది, చక్కగా కూర్చుంటుంది. దయచేసి ఆ పని చేయకండి. అది పగిలితే కత్తుల్లాంటి పెంకులవుతుంది. ప్రయాణంలో పిల్లలు తల ఆనించి నిద్రపోయేది ఆ అద్దానికే.

అక్కడ వేయాల్సింది టఫెన్డ్ అద్దమే. దాన్ని 600 డిగ్రీలు దాటేలా వేడి చేసి, గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడుతుంది. లోపలి భాగం ఆ తర్వాత చల్లారుతూ పైపొరను బిగించి పట్టుకుంటుంది. అందుకే పగిలినప్పుడు చిన్న చిన్న పలుకులుగా రాలిపోతుంది. అయితే టఫెన్ చేశాక ఇక కోయడం, కన్నం పెట్టడం కుదరదు. కాబట్టి గట్టి అట్టతో మూస కోసి, డోర్‌లో పెట్టి, దింపి ఎక్కించి చూశాకే ఆర్డర్ ఇవ్వండి. మందం వెర్నియర్‌తో కొలవండి. ఎక్కువైతే చానెల్‌లో పట్టేస్తుంది, తక్కువైతే గతుకుల రోడ్డు మీద గడగడలాడుతుంది. కొత్త అద్దం మీద ఐఎస్ 2553 ముద్ర ఉందో లేదో చూసుకోండి. రంగు అద్దం వేయించాలనుకునేవారు పక్క అద్దంలోంచి కనీసం 50 శాతం వెలుతురు రావాలన్న నిబంధన గుర్తుంచుకోండి.

ఇక బీడింగ్ రబ్బరు. సహజ రబ్బరుకు ఎండతోపాటు గాలిలోని ఓజోన్ కూడా శత్రువే. సాగి ఉన్న మూలల్లో ముందుగా సన్నటి పగుళ్లు వస్తాయి, వేలితో వంచితే కనిపిస్తాయి. ఈపీడీఎం రబ్బరు రెండింటినీ తట్టుకుంటుంది కానీ దానికి పెట్రోలియం నూనెలు పడవు, ఉబ్బిపోతుంది. గ్రీజు, వాజలిన్ జోలికి పోకండి. సబ్బునీళ్లు చాలు.

కదలని అద్దానికి తాడు పద్ధతే మేలు. రబ్బరును కాసేపు ఎండలో పెట్టి మెత్తబడనివ్వండి. అద్దానికి తొడిగాక, రేకు అంచు కూర్చునే గాడిలో చుట్టూతా సన్నటి నైలాన్ తాడు దూర్చి, రెండు కొసలూ కింద ఒకదాన్నొకటి దాటేలా బండి లోపలికి వదలండి. బయట ఒకరు అరచేత్తో నొక్కుతూ ఉంటే, లోపలివారు తాడును నెమ్మదిగా లాగాలి. రబ్బరు అంచు రేకు మీదికి జారుతూ అంగుళం అంగుళంగా కూర్చుంటుంది. స్క్రూడ్రైవర్‌తో ఎత్తబోతే రబ్బరు చిరుగుతుంది. అద్దం అంచుకు దెబ్బ తగిలిందా, అద్దమే పోతుంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇప్పుడు చెబుతాను. దింపి ఎక్కించే అద్దానికి ఎంత మంచి బీడింగ్ వేసినా వాన నీళ్లు డోర్‌లోకి దిగుతాయి. డోర్ కట్టుబడే అంత. దిగిన నీళ్లు అడుగున ఉన్న కన్నాల్లోంచి బయటికి పోవాలి. దుమ్ము, ఎండుటాకులు, అజాగ్రత్తగా కొట్టిన అండర్‌కోటింగ్ ఆ కన్నాలను మూసేస్తాయి. నిలిచిన నీరు రేకును లోపలి నుంచి తినేస్తుంది, పైన పెయింటు ఉబ్బేదాకా మనకు తెలియదు. అద్దం విప్పిన రోజే ఆ కన్నాల్లో తీగ పెట్టి శుభ్రం చేయండి, తుప్పు గీకి ప్రైమర్ వేయండి. అద్దం బిగించాక, డోర్ ప్యాడ్ పెట్టకముందే పైపుతో నీళ్లు కొట్టి చూడండి. పోసిన నీళ్లన్నీ కింద ధారగా పోతేనే పాలిథిన్ షీటు అంటించి, ప్యాడ్ బిగించండి.