దుమ్ము చెప్పిన పాఠం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

నాది ఆళ్లగడ్డ. సోమవారం పొద్దున ఎర్రబస్సెక్కి నంద్యాలలో దిగేసరికి చొక్కా రంగు మారిపోయేది. మా ఊళ్లో శిల్పులు పనిచేసే చోట రాతి దుమ్ము సరేసరి. ఈరోజు దుమ్ము గురించే నాలుగు మాటలు చెబుతాను. కాకపోతే అది ఆకాశంలోని దుమ్ము.

నేను మైక్రోవేవ్ టవర్ల ఇంజనీరుని. మా పనిలో శత్రువు నాయిస్. 1964లో అమెరికాలో పెన్జియాస్, విల్సన్ అనే ఇద్దరికి యాంటెన్నాలో ఒక సన్నని రొద ఎంతకీ పోలేదు. లోపలున్న పావురాల రెట్టలు కూడా శుభ్రం చేసి చూశారు. చివరికి అది విశ్వం బాల్యంలో బయలుదేరి, దాదాపు 1380 కోట్ల ఏళ్లు ప్రయాణించి, మైనస్ 270 డిగ్రీలకు చల్లారిన వెలుగని తేలింది. 1978లో వాళ్లకు నోబెల్ వచ్చింది.

వెలుగుకు ఊగే దిశ ఉంటుంది. కుందూ నీళ్ల మీది తళుకు ఎక్కువగా ఒకే దిశలో ఊగుతుంది. అందుకే కొన్ని రకాల చలువ కళ్లద్దాలతో అది తగ్గుతుంది. మనం చదువుకున్న ధ్రువణం ఇదే. ఆ పాత వెలుగులోనూ ధ్రువణం ఉందని 2002లో దక్షిణ ధ్రువం నుంచి డాసి అనే పరికరం తొలిసారి చూపింది. ఆ ధ్రువణంలో ఒక ప్రత్యేకమైన సుడి కనిపిస్తే, విశ్వం పుట్టిన తొలి క్షణాల్లో లేచిన గురుత్వ తరంగాల జాడ దొరికినట్టే.

అంత దూరం ఎందుకు వెళ్లారంటే, గాలిలోని నీటి ఆవిరి మైక్రోవేవ్‌లకు అడ్డు. దక్షిణ ధ్రువం 2,800 మీటర్ల ఎత్తున ఉన్న మంచు ఎడారి. ఆర్నెల్లు రాత్రి. అక్కడ బైసెప్2 అనే 26 సెంటీమీటర్ల చిన్న టెలిస్కోప్ 2010 నుంచి 2012 దాకా ఆకాశంలో ఒకే భాగాన్ని చూసింది. 2014 మార్చి 17న సుడి కనిపించిందని ప్రకటించారు. ప్రపంచమంతా పండగ చేసుకుంది.

కానీ మన పాలపుంతలోని దుమ్ము కూడా అలాంటి సుడినే చూపగలదు. బైసెప్2 చూసింది 150 గిగాహెర్ట్జ్ ఒక్కటే. ఒక్క ఫ్రీక్వెన్సీతో దుమ్మేదో, పాత వెలుగేదో విడదీయడం కష్టం. ప్లాంక్ ఉపగ్రహం దుమ్ము బాగా వెలిగే 353 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా కొలిచింది. రెండు బృందాలూ కలిసి కూర్చుని లెక్క చూసుకుని, 2015 జనవరిలో ఆ సుడి గురుత్వ తరంగాలకు రుజువు కాదని, అందులో ఎక్కువ భాగం దుమ్మేనని ఒప్పుకున్నాయి.

ఇది చదివిన రోజు నాకు మన సైన్స్ ల్యాబ్ గుర్తొచ్చింది. మీటరు పొడవు లోలకం, 20 డోలనాలు. నాకు 38 సెకన్లు వచ్చింది. పక్కవాడికి 40. నేనూ 40 అని రాసేశాను. సార్ కనిపెట్టారు. మళ్లీ చేసి చూపించమన్నారు. గడియారం నొక్కుతూనే నేను 'ఒకటి' అన్నాను. సార్ నవ్వి, "సున్నా నుంచి లెక్కపెట్టాల్రా. నువ్వు కొలిచింది 19 డోలనాలే. 38 అని రాసుంటే నీ తప్పెక్కడో అదే చెప్పేది. కాపీ కొట్టిన 40 ఏం చెబుతుంది?" అన్నారు.

ఉద్యోగంలో ఒకసారి కేబుల్ నష్టాన్ని రెండుసార్లు కలిపి రిపోర్టు మీద సంతకం పెట్టాను. రాత్రి పడుకోబోతుంటే తట్టింది. ఎవరూ పట్టుకునేవాళ్లు కాదు. తెల్లారి నేనే తప్పని రాసిచ్చాను. చీవాట్లు తిన్నాను, ప్రమోషన్ ఆలస్యమైంది. ఇంట్లో వాళ్లకు ఏడాది పాటు సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. నిద్ర మాత్రం పట్టింది.

బైసెప్ వాళ్ల కొలత తప్పు కాదు. దానికి పెట్టిన పేరే తప్పు. కొలత నిజాయితీగా ఉంది కాబట్టే ఆ తప్పు దిద్దుకోగలిగారు. వాళ్లు మరిన్ని ఫ్రీక్వెన్సీలతో ఇప్పటికీ వెతుకుతున్నారు. 2021 నాటి ఫలితాల్లోనూ ఆ జాడ దొరకలేదు. దొరకలేదనే రాశారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీకు 38 వస్తే 38 అనే రాయండి. ఆ మాట నేర్పిన సార్ ఈ సభలో లేరు.