కంచ అంటే ఖాళీ జాగ కాదు

(కాలనీవాసులు, విద్యార్థులు, ఉద్యోగుల ఉమ్మడి సమావేశంలో ఒక జర్నలిస్టు చేసిన ప్రసంగ పాఠం)



ఇండ్ల నడుమ, బడుల పక్కన వ్యాపార కట్టడాలు లేపుతుంటే అక్కడ బతికెటోళ్లు ఏం చెయ్యాలె అన్న విషయం మీద మాట్లాడుమన్నరు. ఈ ముచ్చట గాలిల మాట్లాడితే ఫాయిదా లేదు. అందుకే మనందరికి తెలిసిన ఒక్క జాగను పట్టుకొని మాట్లాడుత. రంగారెడ్డి జిల్లా, శేరిలింగంపల్లి మండలం, కంచ గచ్చిబౌలి, సర్వే నంబర్ 25. నాలుగు వందల ఎకరాలు.

ముందుగాల ఆ పేరు చూడుండ్రి. కంచ అంటే మన దిక్కు గొడ్లు, గొర్లు మేసే బీడు. రెవెన్యూ కాయితాల్ల ఈ జాగను 'కంచ అస్తబల్ పోరంబోకు సర్కారీ' అని రాసుకున్నరు. అస్తబల్ అంటే గుర్రాల సాల. అంటే ఇది గడ్డి పెరిగే జాగ, పశువు బతికే జాగ అని సర్కారు కాయితమే ఒప్పుకున్నది. దాన్నే ఇయ్యాల 'ఖాళీ జాగ' అంటున్నరు. ఎవరికి ఖాళీ? అక్కడ తిరిగే దుప్పికి, నెమలికి ఖాళీ కాదు. అక్కడి బండల నడుమ ఇంకే వాన నీళ్లకు ఖాళీ కాదు. ఆ నీళ్లతోటి బోర్లు నడుపుకునే చుట్టుపక్కల కాలనీలకు ఖాళీ కాదు.

ఆరు సూత్రాల బాకీ

ఈ భూమికి, మన ఉద్యమానికి పేగు సంబంధం ఉన్నది. అది ఈ తరం పిల్లలకు చెప్పాలె. 1969ల తెలంగాణ పిల్లలు తుపాకి గుండ్లకు బలైన్రు. 1972ల జై ఆంధ్ర లేచింది. ఈ రెండు ఉద్యమాలను సల్లార్చేతందుకు 1973ల ఢిల్లీ ఆరు సూత్రాల పథకం తెచ్చింది. అందుల ఒక సూత్రం, హైదరాబాద్‌ల కేంద్ర విశ్వవిద్యాలయం పెట్టుడు. దానికోసం రాజ్యాంగాన్ని 32వ సారి సవరించి 371-ఇ అధికరణం చేర్చిన్రు. 1974ల పార్లమెంటు చట్టం చేసింది. ఆబిడ్స్‌ల సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌ల మొదలైన యూనివర్సిటీకి గచ్చిబౌలిల సుమారు 2,300 ఎకరాలు చూపించిన్రు.

ఆరు సూత్రాలు మనకు ఎంత దగా చేసినయో ఈ పత్రిక చదివెటోళ్లకు కొత్తగ చెప్పే అక్కెర లేదు. కొలువుల సూత్రానికి తూట్లు పొడిచిన్రు. పొడిచింది నిజమేనని 1985ల 610 జీవో తెచ్చిన్రు. ఆ జీవోను గూడ ఏండ్లకేండ్లు అటక మీద పెట్టిన్రు. ఆ ఆరింటిల కండ్లకు కనపడే ఫలం ఏదన్న మిగిలిందంటే ఈ యూనివర్సిటీయే. అది ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు, పానాలు పోతే వచ్చింది. అయితే భూమి చూపించిన్రు గని దాని హక్కును పక్కాగ యూనివర్సిటీ పేర బదలాయించలేదు. తర్వాతి పేచీలన్నిటికి మూలం అక్కడున్నది.

చేతులు మారిన కత

2003 ఆగస్టుల అప్పటి చంద్రబాబు ప్రభుత్వం ఐఎంజీ భారత అనే కంపెనీతోటి ఒప్పందం చేసుకున్నది. ఆ కంపెనీ అప్పటికి కొద్ది రోజుల ముందే పుట్టింది. ఆటల అకాడమీలు కట్టిస్తమన్నరు. గచ్చిబౌలిల 400 ఎకరాలు, శంషాబాద్ దగ్గర మామిడిపల్లిల 450 ఎకరాలు రాసిచ్చిన్రు. శాసనసభ రద్దయి ఆపద్ధర్మ ప్రభుత్వం నడుస్తున్న కాలంల, 2004 ఫిబ్రవరిల, గచ్చిబౌలి భూమిని రిజిస్ట్రేషన్ చేసిన్రు. దీనికి బదులుగ యూనివర్సిటీకి గోపన్‌పల్లిల 397 ఎకరాలు ఇచ్చినమన్నరు.

2006ల వైఎస్ ప్రభుత్వం ఆ కేటాయింపు రద్దు చేసింది. కంపెనీ కోర్టుకు పోయింది. పద్దెనిమిది ఏండ్లు పంచాయితి నడిచింది. 2024 మార్చిల హైకోర్టు, మే నెలల సుప్రీంకోర్టు ప్రభుత్వం దిక్కే తీర్పు చెప్పినయి. ప్రజల భూమి ప్రజలకు మిగిలిందని సంబురపడ్డం. ఆ సంబురం ఎక్కువ రోజులు నిలువలేదు. జూన్‌ల ఆ భూమి పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ టీజీఐఐసీ చేతికి పోయింది. భూమిని చూపి బాండ్ల మీద సుమారు 10,000 కోట్ల రూపాయలు తెచ్చిన్రు. ఐటీ పార్కు అన్నరు. 50,000 కోట్ల పెట్టుబడి, 5 లక్షల కొలువులు అన్నరు. చెరువులు మా నాలుగు వందల ఎకరాలల్ల లేవు, పుట్టగొడుగు బండను కాపాడుతం అన్నరు. 2024 జులైల యూనివర్సిటీ అధికారుల ముందటనే హద్దులు తేల్చినమని టీజీఐఐసీ చెప్తే, అసొంటి సర్వే జరుగలేదని యూనివర్సిటీ 2025 మార్చి 31న రాతపూర్వకంగ ప్రకటించింది.

ఉగాది నాటి బుల్డోజర్లు

2025 మార్చి 30, ఉగాది. ఇండ్లల్ల పచ్చడి కలుపుకునే పొద్దు, యూనివర్సిటీ పక్కన జేసీబీలు దిగినయి. తెల్లారితే రంజాన్ పండుగ. కోర్టులకు సెలవులు, ఆఫీసులకు సెలవులు. లైట్లు పెట్టుకొని రాత్రి గూడ చెట్లు కూల్చిన్రు. అడ్డంపోయిన విద్యార్థులను పదుల సంఖ్యల ఎత్తుకపోయిన్రు. ఏప్రిల్ 2న క్యాంపస్‌ల లాఠీలు లేచినయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తాను కేసు తీసుకొని హైకోర్టు రిజిస్ట్రార్‌ను జాగ మీదికి పంపింది. సుమారు వంద ఎకరాల పచ్చదనం పెద్ద పెద్ద యంత్రాలతోటి నేలమట్టమైందని ఆయన రిపోర్టు ఇచ్చిండు. అదే రోజు పనులు ఆగినయి. చెట్లను మళ్ల నిలబెట్టకపోతే అధికారులు జైలుకు పోవాల్సి వస్తదని కోర్టు ఏప్రిల్‌ల ఒకసారి, మేల ఇంకొకసారి హెచ్చరించింది. సెలవు దినాలు చూసుకొని చేసిన పనిని గూడ ఎత్తిచూపింది. ఆగస్టుల అడవిని, అభివృద్ధిని రెండింటిని చూసే సమగ్ర ప్రణాళిక తెమ్మని ప్రభుత్వానికి ఆరు వారాలు గడువు ఇచ్చింది.

ఇక్కడ ఒక్క మాట అడుగుత. చేసే పని న్యాయమైనదే అయితే పండుగనాడు, రాత్రిపూట చేసే అక్కెర ఏమొచ్చింది?

హక్కు వేరు, అమ్ముకునుడు వేరు

ప్రభుత్వం చెప్పే మాట ఒక్కటే. భూమి మాది, కోర్టు తేల్చింది, మాది మేం ఏమన్న చేసుకుంటం. ఈ మాటకు మనం జవాబు చెప్పాలె. తప్పించుకుంటే కాదు.

సరే, భూమి సర్కారుదే అనుకుందాం. అప్పుడు గూడ రెండు ప్రశ్నలు మిగులుతయి. ఒకటి, సర్కారు దేని పేరు మీద గెలిచింది? ప్రజల ఆస్తిని అగ్గువకు ఒక కంపెనీకి ధారపోసుడు ప్రజాప్రయోజనం కాదని వాదించి గెలిచింది. ప్రజాప్రయోజనం పేరు మీద గెలిచిన ఆస్తిని ప్రజలను అడగకుండ వేలానికి పెడుతనంటే ఆ గెలుపుకు అర్థం ఏమున్నది? ఇంటికి కావలి పెట్టుకున్నోడు దొంగను ఎల్లగొట్టి తనే ఇల్లు అమ్మకానికి పెడితే మనం వాన్ని మెచ్చుకోవాల్నా?

రెండోది, భూమి ఎవరిదైనా దాని మీద అడవి ఉంటే చట్టం ఏమంటది? 1996ల గోదావర్మన్ కేసుల సుప్రీంకోర్టు, అడవి అంటే నిఘంటువుల ఉన్న అర్థమే, కాయితం మీద మాలిక్ ఎవరైనా సరే అని చెప్పింది. మన దగ్గర 2002 నుంచి వాల్టా చట్టం ఉన్నది. చెట్టు కొట్టాలంటే పర్మిషన్ కావాలె. రైతు ఒడ్డు మీది చెట్టు కొడితే జరిమానా ఏసే సర్కారు, తన చేతికొచ్చేసరికి ఆ చట్టాన్ని మరిచిపోతదా?

ఇది ఒక్క పార్టీ పాపం గూడ కాదు. ఒకప్పుడు కోకాపేట భూములు వేలం ఏస్తే మన ఉద్యమం అడ్డం నిలబడ్డది. తెలంగాణ భూములు అమ్మి ఖజానా నింపుకుంటున్నరని ఊరూర చెప్పినం. 2014ల రాష్ట్రం వచ్చింది. 2023 ఆగస్టుల అదే కోకాపేటల ఎకరం 100 కోట్లకు పోతే మన సొంత సర్కారు దాన్ని ఘనతని చెప్పుకున్నది. ఇంకో సర్కారు వచ్చి 2025ల కంచ మీదికి బుల్డోజర్ పంపింది. వలస పాలకుడు అమ్మితే దోపిడి, మనోడు అమ్మితే అభివృద్ధి అయితదా? అమ్మిన భూమి మళ్ల రాదు. అయిదేండ్లకోసారి మారే సర్కారుకు, తరతరాల ఆస్తిని శాశ్వతంగ అమ్మే అధికారం ఎంతవరకు ఉండాలె? ఈ చర్చ మనం పెట్టకపోతే ఎవ్వరు పెట్టరు.

కొలువుల ముచ్చట

నిరుద్యోగ తమ్ముళ్లు అడుగుతున్నరు. అన్నా, చెట్లు సరే, మా కొలువుల సంగతేంది అని. అది న్యాయమైన ప్రశ్న. నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినోళ్లం మనం. నియామకాలను తక్కువ చేసి మాట్లాడం.

గని లెక్క అడగాలె. 371-డి కింద వచ్చే స్థానిక రిజర్వేషన్ రాష్ట్ర సర్కారు కొలువులకే వర్తిస్తది. ప్రైవేటు ఐటీ కంపెనీకి వర్తించదు. అయిదు లక్షల్ల పాలమూరు పిల్లకు ఎన్ని, ఆదిలాబాద్ పిలగానికి ఎన్ని అంటే జవాబు చెప్పే కాయితం ఎక్కడ లేదు. ఇంకో మాట. ఐటీ ఆఫీసు ఈ నాలుగు వందల ఎకరాలల్లనే ఉండాలన్న రూలు లేదు. ఆఫీసును ఇంకో దిక్కు, ఇంకో జిల్లాల కట్టుకోవచ్చు. కొలువులు వరంగల్‌కో, కరీంనగర్‌కో పోతే అక్కడి పిల్లలకు కిరాయి తిప్పలన్న తప్పుతయి. వందల కోట్ల ఏండ్ల నాటి ఆ బండలను, ఆ చెరువులను ఇంకో దిక్కు కట్టుడు ఎవ్వరితోని గాదు. కేబీఆర్ పార్కును 1998ల జాతీయ పార్కు చేసుకున్నం. ఇది దానికంటె పెద్ద జాగ. పడమటి హైదరాబాద్‌కు ఇసొంటి ఊపిరి ఇంకొకటి లేదు.

కాలనీలోళ్లు చెయ్యాల్సింది

ఇగ అసలు పని ముచ్చట. గచ్చిబౌలి ఒక్కటే కాదు. రేపు మీ గల్లీ పక్కన పార్కు జాగల మాల్ లేస్తది, చెరువు శిఖంల మల్టీప్లెక్స్ లేస్తది. అప్పుడు ఏం చెయ్యాలె?

మొదటిది, జేసీబీ వచ్చినంక లేచుడు కాదు, ముందే కాయితం పట్టాలె. సర్వే నంబర్, పాత పహాణీ, మాస్టర్ ప్లాన్‌ల ఆ జాగ దేనికి పెట్టిన్రో సమాచార హక్కు కింద అడిగి పెట్టుకోవాలె. భూ వినియోగం మార్చే ప్రకటన పేపర్ల మూలకు ఎక్కడనో చిన్నగ పడుతది. దాన్ని చూసి గడువు లోపట అభ్యంతరం రాసిచ్చెటోళ్లు కాలనీకి ఇద్దరన్న ఉండాలె.

రెండోది, ఒక కిటుకు తెలుసుకోవాలె. 20,000 చదరపు మీటర్లు దాటిన కట్టడానికి 2006 నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి తప్పనిసరి. గని అదే నోటిఫికేషన్ల భవనాలకు, టౌన్‌షిప్‌లకు ప్రజాభిప్రాయ సేకరణ లేకుండ మినహాయింపు ఇచ్చిన్రు. సిమెంటు ఫ్యాక్టరీ పెడితే టెంటు ఏసి ఊరోళ్లకు మైకు ఇస్తరు. మన ఇంటి పక్క అద్దాల మేడ లేస్తే మనల్ని అడిగెటోడు లేడు. ఈ మినహాయింపు పోవాలె. అప్పటిదాక ఆ అనుమతి కాయితం ఎక్కడ అని మనమే పోయి అడగాలె.

మూడోది, అబద్ధం మన కొట్లాటకు చీడ. 2025 ఏప్రిల్‌ల కంప్యూటర్ తయారుచేసిన దొంగ బొమ్మలు కొన్ని తిరిగినయి. సర్కారుకు అది చాలు. కూలిన నిజమైన చెట్లను వదిలిపెట్టి ఆ బొమ్మల మీదనే లొల్లి చేసింది. తారీఖు, టైము, జాగ తెలిసే అసలు ఫోటోయే మన ఆయుధం. కోర్టుల నిలబడ్డది గూడ జాగ మీదికి పోయి కండ్లతోటి చూసి రాసిన రిపోర్టే.

నాలుగోది, అందరికంటె కష్టమైనది. ఫ్లాట్లల్ల ఉండెటోళ్లం చెట్ల కోసం నిలబడ్డప్పుడు, మన ఫ్లాటు కింద ఎవరి కంచ ఉండెనో గూడ యాదికి తెచ్చుకోవాలె. గచ్చిబౌలి, గోపన్‌పల్లి, నల్లగండ్ల ఊర్ల పాత గొర్లకాపరులను, కూలి జనాన్ని వెనుక బెంచీల కూసోబెట్టి మనమే మైకు పట్టుకుంటే ఈ కొట్లాట నిలువది. వాకింగ్ కోసం వచ్చెటోళ్లు, మేత కోసం వచ్చెటోళ్లు ఒక్క గుడారం కింద కూసుంటెనే అది ప్రజా ఉద్యమం అయితది.

మన డిమాండ్లు మూడు. ఆ నాలుగు వందల ఎకరాలను వేలానికి పెట్టకుండ చట్టబద్ధంగ రక్షణ కల్పించాలె. 1974 నుంచి పెండింగ్‌ల ఉన్న యూనివర్సిటీ భూమి హద్దులు, హక్కులు అందరి ముందట సర్వే చేసి తేల్చాలె. సర్కారు భూమి ఏది అమ్మాలన్నా శాసనసభల చర్చ, ఆ ప్రాంత ప్రజల సమ్మతి లేకుండ అమ్మొద్దు.

నలభై రెండు రోజులు సమ్మె చేసిన ఉద్యోగులు ఇక్కడున్నరు. లాఠీలు తిన్న పిల్లలు ఇక్కడున్నరు. రాష్ట్రం తెచ్చుకునుడు ఎంత పనో మీకు తెలుసు. తెచ్చుకున్న రాష్ట్రంల మన నేలను మనమే కావలి కాసుకునుడు గూడ అంత పనే. ఆ పనికి ఈ వారమే కాలనీ కాలనీకి ఒక కమిటీ ఏసుకొని, మొదటి దరఖాస్తు రాసి ఇక్కడి నుంచి లేద్దాం.

జై తెలంగాణ.