పూర్వుల జాడలు – పాత రిజిస్టర్లు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఒక గ్రామము తన గ్రంథాలయమును ఇరువదియైదు సంవత్సరములు మూతపడనీయక నడపుకొని వచ్చుట సామాన్యమైన కార్యము కాదు. గ్రంథాలయ సేవను గూర్చి పెద్దలు ఇదివరకే చక్కగా సెలవిచ్చినారు. నేను కొంత వేరైన విషయము నెన్నుకొంటిని. తాత ముత్తాతల జాడను పాత కాగితములలో వెదకుట యెట్లు? అందువలన కలుగు ప్రయోజన మేమి? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటకై మిమ్ములను ముందుగా సికింద్రాబాదునకును, అచ్చటినుండి ఐర్లండు దేశమునకును తీసికొనిపోయి, మరల మన యూరికి చేర్చెదను. దారి కొంచెము దూరమైనను విసుగు చెందక నాతో రావలసినదిగా ప్రార్థన.

సికింద్రాబాదును మన పెద్దలు నేటికిని లష్కరు అందురు. లష్కరనగా సైన్యము. 1798లో నిజాము అలీఖాను ఈస్టిండియా కంపెనీతో సంధి చేసికొనెను. ఆ సంధి ననుసరించి వచ్చిన కంపెనీ సైన్యము హుస్సేనుసాగరునకు ఆవల దండు దిగెను. 1806లో ఆ దండు ప్రదేశమునకు అప్పటి నిజామైన సికందర్ జా పేరు పెట్టిరి. ఆ దండులోని తెల్లవారందరును ఇంగ్లీషువారే యని మన మనుకొందుము. అది నిజము కాదు. 1830 ప్రాంతమున బ్రిటిషు సైన్యములోని సామాన్య సిపాయిలలో నూటికి 40 మందికి పైగా ఐర్లండు వారే. వారిలో అధికసంఖ్యాకులు దొరబిడ్డలు కారు. కౌలు కట్టలేని రైతుల బిడ్డలు, కూలివాండ్ర బిడ్డలు. కడుపు నిండుననియు, జీతము ముట్టుననియు బారకులో చేరినవారు. కంపెనీవారు మద్రాసులో పెంచిన యూరోపియను పటాలము 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యూజిలీర్స్ అను ఐర్లండు పటాలములో భాగమయ్యెను. దీనినిబట్టి దక్షిణ దేశపు దండ్లకును ఐర్లండు పల్లెలకును ఎంత దగ్గర సంబంధమో గ్రహింపవచ్చును.

సిపాయిల వెంట పాదిరులును వచ్చిరి. కార్కు జిల్లాలో 1815లో పుట్టిన దానియేలు మర్ఫీ అను కాథలిక్కు గురువు హైదరాబాదు రాజ్యమునకు వచ్చి, ఇచ్చటనే బిషప్పు పదవి నధిష్ఠించెను. నేడు సికింద్రాబాదులో మనము చూచు సెయింట్ మేరీ చర్చి పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఆయన కాలమున వెలసినదే. పిమ్మట ఆయన ఆస్ట్రేలియా ఖండమునకు దక్షిణముననున్న టాస్మేనియాకు బిషప్పుగా పోయి, 1907లో అచ్చట కాలధర్మము చెందెను. ఒక్క జీవితములో ఐర్లండు, దక్కను, టాస్మేనియా! అట్టివాని వంశచరిత్రను వ్రాయబూనినవాడు మూడు ఖండముల కాగితములను తిరుగవేయవలసినదే గదా.

ఇక ఐర్లండు సంగతి. 1845లో ఆ దేశమున బంగాళాదుంప పంటకు తెగులు సోకెను. పేదలకు అదియే కూడు. 1852 వరకు సాగిన ఆ కరువులో సుమారు పది లక్షలమంది మరణించిరి. అంతకు తక్కువ కాని సంఖ్యలో ప్రజలు ఓడలెక్కి పోయిరి. మన గుంటూరు సీమలో 1832–33లో వచ్చిన డొక్కల కరువు కథలు విన్నవారికి ఇది వేరుగా వర్ణింప నక్కరలేదు. అట్లు చెదరిపోయినవారి సంతతి నేడు అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా మున్నగు దేశములలో నిండియున్నది. మా ముత్తాత ఏ యూరివాడు అను ప్రశ్న వారిని వదలదు.

ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలసిన కాగితములు చాలవరకు డబ్లిన్ నగరములో ఫోర్ కోర్ట్స్ అను న్యాయస్థాన భవనముల యావరణలోని పత్రాగారమునందు ఉండెడివి. 1922 జూన్ మాసాంతమున, అంతర్యుద్ధము ఆరంభమైన దినములలో, ఆ పత్రాగారము ప్రేలుడునకును మంటలకును గురియై నశించెను. 1821, 1831, 1841, 1851 జనాభా లెక్కల పుస్తకములు కొద్ది భాగము తప్ప బూడిదయ్యెను. ప్రొటెస్టెంటు చర్చి రిజిస్టర్లలో సగమునకు పైగా పోయెను. ఏడెనిమిది వందల సంవత్సరముల కాగితములు ఒక్క యింటిలో చేర్చియుండుటచే ఒక్కనాడే పోయినవి. డబ్లిన్ ఫ్యూజిలీర్స్ పటాలమును రద్దు చేసినదియు ఆ 1922లోనే.

మిగిలిన వేవి? అప్పటికింకను ఆ పత్రాగారమునకు చేరని 1901, 1911 జనాభా లెక్కలు దక్కినవి. 1847 నుండి 1864 వరకు భూములకును ఇండ్లకును విలువ కట్టిన గ్రిఫిత్ లెక్కలు అచ్చుపడి యుండుటచే దక్కినవి. కాథలిక్కు గుడుల రిజిస్టర్లు ప్రభుత్వమువారివి కాకపోవుటచే రాజధానికి చేరలేదు. ఏ యూరి పుస్తకము ఆ యూరి గుడిలోనే యుండి బ్రదికెను. వానిని ఆ దేశపు జాతీయ గ్రంథాలయము ఫిల్ములుగా తీయించి, 2015లో ఇంటర్నెట్టు ద్వారా లోకమునకెల్ల ఉచితముగా అందుబాటులో నుంచెను. కాలిపోయిన పత్రముల నకళ్లు ఎచ్చటెచ్చట నున్నవో దేశదేశములలో వెదకి కూర్చు మహాప్రయత్నమును 2022లో, అనగా అగ్నిప్రమాదమునకు నూరేండ్లు నిండిన సందర్భమున, ప్రజల ముందుంచిరి.

ఇప్పుడు మన లష్కరు వద్దకు తిరిగి వత్తము. సిపాయిగా వచ్చినవాని జాడ ఇచ్చట ఎట్లు తెలియును? 1813 నాటి సెయింట్ జాన్ చర్చి మొదలుకొని సెయింట్ మేరీ చర్చి, బొల్లారములోని 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి వంటి ప్రార్థనాలయములలో జ్ఞానస్నానములకు, వివాహములకు, ఖననములకు వేర్వేరు రిజిస్టర్లు ఉంచుట ఆచారము. సికింద్రాబాదు నిజాము రాజ్యములోనిదైనను, అచ్చటి దండు మద్రాసు ప్రెసిడెన్సీ సైన్యమునకు చేరినది. కావున ప్రొటెస్టెంటు పాదిరులు తమ రిజిస్టర్ల నకళ్లను మద్రాసునకు పంపుచుండిరి. అచ్చటినుండి అవి లండనునకు పోవుచుండెను. ఆ నకళ్లు నేడు లండనులోని బ్రిటిషు లైబ్రరీలో భద్రముగా నున్నవి. కాథలిక్కుల రిజిస్టర్ల నకళ్లు మాత్రము అన్నియు అట్లు చేరలేదు. ఐర్లండు సిపాయిలలో పెక్కుమంది కాథలిక్కులు గనుక, స్థానికముగా మిగిలిన మూల పుస్తకమే పలువురకు దిక్కు.

వెదకువిధము చెప్పెదను. ఒక సిపాయి బిడ్డ జ్ఞానస్నానపు వరుస దొరకినదనుకొందము. అందు బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, తండ్రి హోదా, అతని పటాలము ఉండును. పటాలము పేరు తెలిసినచో తాళపుచెవి చేత చిక్కినట్లే. లండను చెంత క్యూ అను చోటనున్న జాతీయ పత్రాగారములో, పింఛను పుచ్చుకొని కొలువు వీడిన సిపాయిల విడుదల పత్రములు కలవు. వానిలో వాని పుట్టిన ఊరు, జిల్లా, చేరునాటి వయస్సు, అంతకు ముందు చేసిన వృత్తి వ్రాసియుండును. ఆ యూరి పేరు పట్టుకొని ఐర్లండులోని గుడి రిజిస్టరునకును, గ్రిఫిత్ లెక్కలకును పోవలెను. ఇట్లు మన తిరుమలగిరి బారకునుండి ఐర్లండు పల్లెలోని పూరిపాక వరకు త్రోవ ఏర్పడును. కాని కొలువులో నుండగనే కలరాతోనో జ్వరముతోనో మరణించిన సామాన్య సిపాయికి అట్టి విడుదల పత్రము సాధారణముగా మిగులలేదు. వాని సంగతి చెప్పునవి పటాలపు హాజరు పట్టికలును, మన గడ్డమీద వ్రాసిన ఖనన రిజిస్టరును మాత్రమే.

ఈ పనిలో చిక్కులును లేకపోలేదు. చెవికి విన్నట్లు వ్రాసుకొనుటచే ఒకే యింటిపేరు నాలుగు విధములుగా కనిపించును. ఒకే పేరు గలవారు ఒకే పటాలములో పలువురుందురు. భర్త మరణించిన సిపాయి భార్యకు పటాలపు రేషను ఎక్కువకాలము సాగదు. అందుచే ఆమె కొలది నెలలలోనే మరియొక సిపాయిని పెండ్లాడుట కలదు. ఇంటిపేరు మారగానే ఆమె జాడ తప్పును. అన్నింటిని మించిన చిక్కు ఇంకొకటి కలదు. ఐర్లండు సిపాయిలలో కొందరు ఈ దేశపు స్త్రీలను వివాహమాడిరి. రిజిస్టరులో అట్టి తల్లి పేరు పెక్కుచోట్ల జ్ఞానస్నానమునాడు పెట్టిన క్రైస్తవ నామము మాత్రమే. ఆమె తండ్రి యెవరు, ఊరేది, ఆమెను పుట్టింట ఏమని పిలిచిరి – ఏదియు లేదు. లాలాగూడ రైల్వే కాలనీలలో పెరిగి, 1947 తరువాత విదేశములకు వలసపోయిన ఆంగ్లో ఇండియను కుటుంబములు ఎన్నో కలవు. అట్టి కుటుంబములలో ముత్తాత ఊరు ఐర్లండులో దొరకియు, ముత్తవ్వ ఊరు మన నడుమనే యున్నను దొరకనివారు కలరు. వారి వంశవృక్షములో ఎండిపోయిన ఆ కొమ్మ మనది.

సోదరులారా, మనవారును ఓడలెక్కి పోయిరి. 1860లో ట్రూరో అను ఓడ మద్రాసునుండి బయలుదేరి నవంబరు 16వ తేదీన దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. నాటినుండి 1911 వరకు 1,52,000 మందికి పైగా భారతీయులు చెరకు తోటలకును, ఇతర పనులకును నేటాలు పోయిరి. వారిలో విశాఖపట్టణము, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు మున్నగు జిల్లాల తెలుగువారు వేలకొలది కలరు. అట్లే మారిషసునకు, ఫీజీకి, బర్మాకు పోయినవారు కలరు. నేటాలు ఓడల పట్టికలలో ప్రతి కూలికి ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము వ్రాసిరి. దక్షిణాఫ్రికా తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొని భాషను నిలుపుకొన యత్నించిరి. ఐర్లండు సంతతివారు లష్కరు రిజిస్టర్లను వెదకినట్లే, వారి మనుమలును మునిమనుమలును ఆ పట్టికలోని ఊరిపేరు చేత బట్టుకొని మన జిల్లాల వైపు చూచుచున్నారు. దొర చెవికి వినబడినట్లు వ్రాసిన ఆ పేరు ఏ గ్రామమో పోల్చి చెప్పవలసినవారు ఆ గ్రామస్థులే. అట్టి యుత్తరము రేపు మన గ్రంథాలయమునకు వచ్చినచో మనమేమి జవాబు వ్రాయగలము?

మనకు ఆధారములు లేవని నిరాశపడ నక్కరలేదు. కరణముల దండకవిలెలు కలవు. కల్నలు మెకంజీ సేకరింపజేసిన గ్రామ కైఫీయతులు కలవు. గయా కాశీ క్షేత్రములకు పోయి పిండప్రదానము చేసినవారి పేర్లు పండాల బహీలలో నుండును. తెలంగాణములో 1954–55 నాటి ఖాస్రా పహాణీలో ప్రతి సర్వే నంబరునకు ఎదురుగా పట్టాదారు పేరు కలదు. పాఠశాల ప్రవేశ రిజిస్టర్లున్నవి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్సులో మొగలాయి కాలము మొదలుకొని ఫారసీ కాగితములున్నవి. కాని వీనిలోను ఒక లోపమున్నది. భూమి పత్రములలో పురుషుల పేర్లే అధికము. మన యమ్మమ్మల పేర్లు, వారి పుట్టింటి పేర్లు నోటిమాటగానే యున్నవి. ఆ నోరు మూతపడిననాడు అవియు పోవును.

కావున నా మనవి యిది. వెదకుట జీవించియున్నవారితో మొదలు పెట్టవలెను. ఇంటిలోని వృద్ధులను కూర్చుండబెట్టి అడుగుడు. తేదీలు చెప్పలేకపోయినచో గుర్తులు అడుగుడు. మూసీ వరద యనిన 1908 సెప్టెంబరు; పోలీసు చర్య యనిన 1948 సెప్టెంబరు. అది జరిగినప్పుడు తల్లి చంకలో నుంటివా, బడికి పోవుచుంటివా యని అడిగినచో వయస్సు తేలును. పేరు, ఇంటిపేరు, పుట్టిన ఊరు, తల్లి పుట్టింటి పేరు, వలస వచ్చిన కారణము – ఇవి వ్రాసికొనుడు. ఎవరు చెప్పినది, ఏ కాగితములో చూచినది పక్కనే వ్రాయుడు. విన్నదానిని కన్నదానితో కలుపవలదు. రెండు ప్రతులు వ్రాసి ఒకటి ఇంట నుంచి, రెండవది గ్రంథాలయమున కిండు. జీవించియున్నవారి సంగతులు మాత్రము వారి యనుమతి లేక బయట పెట్టరాదు.

ఇది వంశముల గొప్పలు చాటుకొనుటకు కాదు. వెదకినవారికి రాజులు దొరకుట అరుదు. అప్పులపాలైనవారును, కరువునకు ఊరు వీడినవారును, కొలువు విడిచి పారిపోయినవారును తరచుగా దొరకుదురు. దొరకినవారిని దొరకినట్లు వ్రాయుటయే ధర్మము. కూలివాని పేరును, పట్టాదారు పేరును ఒకే పుస్తకములో ఒకే సిరాతో వ్రాయగలిగిన స్థలము ఊరిలో గ్రంథాలయము కంటె వేరొకటి లేదు.

గ్రంథాలయ కార్యవర్గమువారు ఒక బీరువాలో ఒక అర దీనికి కేటాయించి, ఏడాదికి పది కుటుంబముల సంగతులైనను వ్రాయించి యుంచవలెనని కోరుచున్నాను. ఇంతకంటె పెద్ద ఖర్చులేదు. నాలుగు నోటుబుక్కులు, ఓపిక గల ఇద్దరు యువకులు చాలును. నేడు ఈ సభలో ఎనుబది దాటిన పెద్దలు ముందు వరుసలో కూర్చుండియున్నారు. పని వారితో, ఈ వారములోనే ఆరంభింపుడు.