ఇంటి చెంబు నిండాకే కేంద్రం క్యాను
(ఆళ్లగడ్డలో పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



నేను లెక్కలు తనిఖీ చేసేవాణ్ణి, డాక్టరును కాను. అయినా ఈరోజు మా ఇంటి సంగతి ఒకటి చెప్పదలచాను.

1980ల మొదట్లో, నేను బడికి పోయే రోజుల్లో, ఒక ఎండాకాలం మా అమ్మకు చేతుల మీద, పాదాల మీద చర్మం నల్లబడి పొట్టు లేచింది. మెడచుట్టూ కంటె పెట్టినట్టు నల్లటి పట్టీ. నాలుక పుండైంది. విరేచనాలు పట్టుకున్నాయి, నిద్ర పోయింది. అంటుజబ్బేమోనని ఇరుగుపొరుగువారు ఆమెకు నీళ్లు కూడా ఎత్తి పోసేవారు.

నంద్యాలలో డాక్టరు గారు చూసి, "ఏం తింటావమ్మా?" అని అడిగారు.

"జొన్నరొట్టె, కారం సార్."

"ఇంట్లో పాడి లేదా?"

"బర్రె ఉంది సార్. పాలన్నీ కేంద్రానికి పోస్తాం."

ఆ జబ్బు పేరు పెల్లాగ్రా. నయాసిన్ అనే బి విటమిన్ లోపం వల్ల వస్తుంది. అంటుజబ్బు కాదు. కానీ నిర్లక్ష్యం చేస్తే మతి చలిస్తుంది, ప్రాణమూ పోవచ్చు. జొన్నే ప్రధానాహారమైన దక్కను పల్లెల్లో ఇది ఉండేది. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ ఇందుకు కారణం కావచ్చునని 1960లో హైదరాబాదులోని పోషకాహార పరిశోధకులు గోపాలన్, శ్రీకంఠయ్య గార్లు ప్రతిపాదించారు. దానిపై తరువాత భిన్నాభిప్రాయాలు వచ్చాయి. ఏమైనా జొన్న చెడ్డది కాదు, జొన్న ఒక్కటే తిండి కావడం చెడ్డది.

డాక్టరు గారు నికోటినమైడ్ బిళ్లలు ఇచ్చారు. కొద్ది రోజుల్లో నోటిపుండ్లు, విరేచనాలు తగ్గాయి. చర్మం బాగుపడడానికి వారాలు పట్టింది. "బిళ్లలు జబ్బును తగ్గిస్తాయి, మళ్లీ రాకుండా చూసేది తిండే" అని ఆయన పూటకో గ్లాసు పాలు, పప్పు, వేరుశనగ తినమన్నారు.

పాలలో నయాసిన్ తక్కువే. కానీ పాల మాంసకృత్తుల్లో ట్రిప్టోఫాన్ ఉంది. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుంచి మన శరీరం 1 మిల్లీగ్రాము నయాసిన్ తయారు చేసుకుంటుంది. 1914లో అమెరికాలో గోల్డ్‌బర్గర్ అనే డాక్టరు అనాథాశ్రమాల పిల్లల తిండిలో పాలు, గుడ్లు, మాంసం, చిక్కుడు గింజలు పెంచగా ఈ జబ్బు దాదాపు మాయమైంది. విటమిన్ పేరు తేలింది ఆ తరువాత, 1937లో.

నేడు పెల్లాగ్రా అరుదు. అయినా తాగుడుకు బానిసై తిండి మానినవారిలో కనిపిస్తుంది. ఇలాంటి లక్షణాలుంటే పసర్లు పూస్తూ కూర్చోక ఆసుపత్రికి తీసుకుపోండి.

చివరగా నా తప్పు ఒప్పుకుంటాను. ఎన్నో ఏళ్లు మీ సంఘాలకు వచ్చి "ఇంకా పాలు పోయండి" అన్నానే గాని, "ఇంట్లో ఎన్ని ఉంచుకున్నారు?" అని అడగలేదు. నా తనిఖీ పుస్తకంలో ఆ గడి లేదు. ఇకమీదట అడుగుతాను. పిల్లలకు, ఇంటి ఆడవాళ్లకు తీసిపెట్టిన తరువాతే క్యాను దగ్గరికి రండి. రెండు గ్లాసులు తగ్గితే సంఘం మునిగిపోదు. మా అమ్మ ఆ రెండు గ్లాసులతోనే కోలుకుంది.

సెలవు.