రెండు జతల కళ్ళు, ఒక చేతిగడియారం
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని అడిగారు. మాకు పెద్ద పెద్ద విషయాలు రావండీ, గడియారాల సంగతైతే చెబుతామన్నాం. కళ్ళు కనబడనివాళ్ళకు గడియారాల రిపేరేమిటని నవ్వకండి. మా బంధువులు ఆ నవ్వేదో ముందే నవ్వేశారు.

మేమిద్దరం అన్నదమ్ములం, ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళం. మాలో చిన్నవాడికి బడి రోజుల నుంచీ మందపాటి అద్దాలే. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ కూడా అయింది. పెద్దాయన, అంటే భాయిజాన్, చూపు కాస్త మసకగా ఉందనేవారు. వయసు మీద పడితే ఎవరికైనా అంతేలే అని ఊరుకున్నాం. ఆ ఊరుకోవడం ఎంత పొరపాటో తరువాత చెబుతాం.

మా అబ్బాజాన్‌కు హెచ్.ఎం.టి. జనతా వాచీ ఒకటి ఉండేది. ఆ కంపెనీవారు 1961లో జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టారు. ఆ వాచీల ఫ్యాక్టరీలు మూసేయాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించింది. అబ్బాజాన్ రోజూ పొద్దున్నే కీ ఇచ్చేవారు. ఆయన పోయాక అది ఆగిపోయింది. “ఒక్కసారి దాని చప్పుడు వినాలనుందిరా” అన్నది అమ్మీజాన్. ఆ మాటే మమ్మల్ని ఈ పనిలోకి దింపింది.

మేము చేసిన మొదటి తప్పు ఆ వాచీనే ముందు విప్పడం. పట్టకారు జారింది. తలవెంట్రుక కంటే సన్నని హెయిర్ స్ప్రింగు వంకరపోయింది. ఒక స్క్రూ ఎగిరి ఎక్కడో పడింది. ఆ రాత్రి మాకు అన్నం సయించలేదు. వాచీ ఎక్కడిదాకా వచ్చిందని అమ్మీజాన్ అడిగితే జవాబు చెప్పలేకపోయాం.

అప్పుడు బుద్ధి వచ్చింది. పాత సామాన్ల అంగట్లో పాడైన గోడ గడియారం, అలారం టైంపీసు కొన్నాం. వాటిలో చక్రాలు పెద్దవి, చేతికి తెలుస్తాయి. అయితే విప్పేముందు స్ప్రింగు బిగువును మెల్లగా వదిలించాలి. అది ఒక్కసారిగా విడిపోతే వేలు చీరేస్తుంది. కళ్ళద్దాలు తీసి పనిచేయరాదు.

మాబోటి చూపువాళ్ళకు పనికొచ్చిన ఉపాయాలు ఇవి. దీపం పక్కనుంచి పనిమీద పడాలి, కంట్లో కొట్టకూడదు. ఉక్కు ముక్కల కింద తెల్లకాగితం, తెల్లని ముక్కల కింద నల్లగుడ్డ వేసుకోవాలి. అంచున్న పళ్ళెం పెట్టుకుంటే ఏదీ దొర్లిపోదు. గుడ్డ ఒక అంచును బల్లకు, రెండో అంచును చొక్కాకు తగిలించుకుంటే జారిన స్క్రూ ఒళ్ళో పడుతుంది. నేలమీద పడినదాన్ని దారానికి కట్టిన అయస్కాంతంతో వెతకవచ్చు. అది ఇత్తడిని పట్టదు. పైగా వాచీ దగ్గరకు తెస్తే హెయిర్ స్ప్రింగుకు అయస్కాంత గుణం అంటి, టైము తప్పుతుంది.

భూతద్దం ఎంత పెద్దగా చూపితే అంత మంచిదనుకున్నాం. కాదు. పదిరెట్లు చూపే అద్దం వస్తువుకు సుమారు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. అక్కడ స్క్రూడ్రైవరు తిప్పడానికి చోటేదీ? నాలుగు రెట్ల అద్దానికి ఆరు సెంటీమీటర్ల దూరం దొరుకుతుంది. చాలా పనులకు అది చాలు. మిగతాది చెవి చూసుకుంటుంది. జనతా వంటి వాచీ గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు 5 సార్లు టిక్కుమనాలి. ఆ నడకలో కుంటితనం వస్తే చెవి కనిపెట్టేస్తుంది.

ఇక అసలు సంగతి. పనిలో భాయిజాన్ పట్టకారును ఎడమపక్కనే పెట్టుకుని, “ఏదిరా, నువ్వు తీశావా?” అని అడిగేవారు. ఒకసారి కాదు, రోజూ. మొదట వేళాకోళం చేశాం. తరువాత భయం వేసి కంటి డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్ళాం. కంటి ఒత్తిడి చూశారు, పక్కచూపు పరీక్ష చేశారు. గ్లాకోమా అన్నారు, మనవాళ్ళు నీటికాసులు అంటారే, అది. నొప్పి లేకుండా పక్కచూపును కొరుక్కుతినే రకం. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని నిలుపుకోవాలి అన్నారు. అప్పటినుంచి తప్పకుండా చుక్కలు వేస్తున్నాం. తోడబుట్టినవాళ్ళకూ ముప్పు ఎక్కువ గనుక చిన్నవాడూ పరీక్ష చేయించుకున్నాడు.

అబ్బాజాన్ వాచీ ఏమైందంటారా? శుభ్రం చేయడం, నూనె వేయడం, మూత బిగించడం మేమే చేశాం. హెయిర్ స్ప్రింగు మాత్రం మా వల్ల కాదని ఒప్పుకుని చేయి తిరిగిన మెకానిక్కుకు అప్పగించాం. రోజుకు రెండు నిమిషాలు వెనకబడుతోంది. అమ్మీజాన్ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. “మీ నాయన కూడా ఎప్పుడూ ఆలస్యమే” అన్నది చివరికి.

సోదరులారా, చూపు తగ్గిందని చేతులు ముడుచుకుని కూర్చోకండి. అలాగని వయసు మీదికి నెట్టి పరీక్ష మానుకోకండి. నలభై దాటినవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బున్నవాళ్ళు, పక్కచూపుతో సహా కళ్ళు చూపించుకోవాలని మా మనవి. ఆగిన గడియారాన్ని మళ్ళీ నడిపించవచ్చు. పోయిన చూపును తెచ్చే మెకానిక్కు లేడు.